మా కంప్యూటర్లకు గడియ తీసిపెట్టింది మీరే: పర్లాకిమిడి వైపు కంప్యూటర్ షాపుల వారికి బహిరంగ లేఖ

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, బరంపురం ఊళ్ళలో కంప్యూటర్లు అమ్మే, బాగుచేసే షాపుల యజమానులకు, మెకానిక్కులకు,
చివర్లో రెండు మాటలు బ్యాంకు, పోలీసు అధికారులకు.

విషయం: దొంగ వైరస్ హెచ్చరికలు, స్పైవేర్ (మనకు తెలియకుండా కంప్యూటర్లో దూరి మన సంగతులు లాగే సాఫ్ట్‌వేర్) వల్ల ఇంట్లో కంప్యూటర్ వాడుకునే జనం నష్టపోవడం, అందులో మీ వంతు.

అయ్యా,

నమస్కారం. మూడు నెలల కిందట ఇదే విషయం మీద మేం పదకొండు మందిమి సంతకాలు చేసిన కాగితం పట్టుకొని షాపు షాపుకీ తిరిగాం. అందరం పెన్షన్‌దారులమే, ఒక్క టైలరు తప్ప. మీరు కుర్చీ వేశారు, టీ ఇప్పించారు. ‘చూద్దాం మాస్టారూ’ అన్నారు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. ఒకాయన మా కాగితం వెనకవైపే ఎవరిదో ప్రింటర్ రిపేరు లెక్క వేసుకున్నాడు. నేనింకా ఆ కుర్చీలోనే ఉన్నాను. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అబ్బాయి విశాఖపట్నం వెళ్తూ వదిలేసిన డెస్క్‌టాప్ పాడైపోతే, మీలో ఒకరి దగ్గర సెకండ్‌హ్యాండ్ది కొన్నాను. ఒక సాయంత్రం మా ఆవిడ ఏదో పంచాంగం సైటు చూస్తోంది. ఉన్నట్టుండి తెరంతా నీలంగా మారిపోయి, మధ్యలో ఎర్ర డబ్బా, అందులో మైక్రోసాఫ్ట్ గుర్తు. సైరన్ మొదలైంది. ఒక ఆడగొంతు ఇంగ్లీషులో అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్తోంది: మీ కంప్యూటర్లో స్పైవేర్ దూరింది, ఆపితే మీ ఫైళ్ళన్నీ పోతాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి. మౌస్ బాణం కనబడటం లేదు. ఆవిడకు టెన్షన్ వచ్చి ముందు ఫ్యాను స్విచ్ ఆపేసిందట, కరెంటు వల్ల ఏమైనా అయ్యిందేమోనని. పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూశారు. నేను మార్కెట్‌కు వెళ్ళాను. నా ఫోను ఇంట్లోనే చార్జింగ్‌లో ఉంది.

ఆవిడ ఆ నంబరుకు చేసింది. ఎత్తినవాడు హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడట, ‘మాతాజీ’ అని. ఆవిడకు వచ్చిన హిందీ అంతా టీవీ సీరియళ్ళలో నేర్చినదే. వాడు అడిగిన మొదటి పని ఏమిటో తెలుసా? ఎనీడెస్క్, అంటే దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడపనిచ్చే సాఫ్ట్‌వేర్, తెరిచి అందులో కనబడే నంబరు చదవమన్నాడు. ఆవిడ తడుముకోకుండా చదివేసింది. ఎందుకంటే అది ఆవిడకు అలవాటైన పనే. మీ షాపు కుర్రాడు ఆ ఏడాదిలో నాలుగుసార్లు ఫోన్ చేసి ‘అమ్మా, ఎనీడెస్క్ తెరిచి ఆ నంబరు చెప్పండి, ఇక్కణ్ణుంచే చూసేస్తాను’ అన్నాడు. నాలుగుసార్లూ చెప్పింది, నాలుగుసార్లూ కంప్యూటర్ బాగయింది. ఐదోసారి అడిగినవాడు దొంగ అని ఆవిడ ఎలా పోల్చుకోవాలి?

తర్వాతది త్వరగా చెప్తాను, చెప్పుకోవడానికి బాగుండదు కూడా. వాడు విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అందులో ఎర్ర గుర్తులు చూపించి, ఒక్కొక్కటీ ఒక హ్యాకర్ అన్నాడు. జీవితకాలం సెక్యూరిటీ పేరుతో నెట్ బ్యాంకింగ్‌లో రూ.8,499 కట్టించాడు. కట్టాక ‘అప్‌డేట్ అవుతోంది, ముట్టుకోకండి’ అని తెర నల్లగా చేసి, నా ఫోనుకు వచ్చిన ఓటీపీలు రిజిస్ట్రేషన్ కోసమని చదివించుకున్నాడు. రూ.43,000 పోయింది. నేను ఇంటికి వచ్చి, వైరు పీకి, 6:20కి బ్యాంకు టోల్‌ఫ్రీకి చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. 7:05కి ఇంకో రూ.19,000 పోయింది. మొత్తం రూ.70,499. ఓటీపీ చదివింది మా ఆవిడే, నేను కాదనడం లేదు. ఎనీడెస్క్ గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించిందని నాకు ఆ తర్వాత తెలిసింది. మీరు పొద్దస్తమానం వాడే సాఫ్ట్‌వేరే కదా, మీకు అప్పుడే తెలిసి ఉండాలి.

మా మేనల్లుడు గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆదివారం వచ్చి ఆ కంప్యూటర్‌ను విప్పి చూపించాడు. నేను ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, చూసిందల్లా నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. దొంగ ఆ రోజు పెట్టినవి రెండే. మిగతావన్నీ మీ బల్ల మీద నుంచి వచ్చినవే. విండోస్ అప్‌డేట్ సర్వీసు ఆపేసి ఉంది. విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ పడుకొని ఉంది. పైగా సి డ్రైవ్ మొత్తాన్ని డిఫెండర్ చూడకూడని చోట్ల జాబితాలో వేసి ఉంచారు, అంటే కాపలావాణ్ణి పెట్టి ‘ఇంట్లోకి మాత్రం చూడకు’ అని చెప్పినట్టు. లైసెన్సు కొనకుండానే విండోస్‌ను యాక్టివేట్ చేసే దొంగ సాఫ్ట్‌వేర్, అంటే క్రాక్, ఒకటి, తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కు ఇంకో క్రాక్. ఈ క్రాక్‌లు పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటాయి కదా, ఆపారు, మళ్ళీ ఆన్ చేయలేదు. ఒకే అకౌంటు, అదీ ఏదైనా ఎక్కించే అధికారం ఉన్న అడ్మినిస్ట్రేటర్, పాస్‌వర్డ్ లేదు. ఎనీడెస్క్‌లో అవతలివాళ్ళు ఎప్పుడంటే అప్పుడు రావడానికి శాశ్వత పాస్‌వర్డ్ పెట్టి ఉంది. అది మీ షాపు పేరే, పక్కన 123.

ఇంకొకటి, మాలో చాలామంది ఇళ్ళలో ఇదే కనబడింది. బ్రౌజర్లో నోటిఫికేషన్లు పంపడానికి 31 సైట్లకు అనుమతి ఉంది. ఏదో పేజీ తెరిస్తే ‘మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి’ అంటుంది. నొక్కుతాం. అక్కణ్ణుంచి తెర కింద కుడిమూల రోజూ ‘మీ పీసీలో 5 వైరస్‌లు’ అని చీటీలు లేస్తూ ఉంటాయి. అవి వైరస్‌లు కావు, మనమే పిలిచిన చుట్టాలు. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దాకా వెళ్ళి, ముక్కూ మొహం తెలియని సైట్లన్నీ తీసేస్తే ఆగిపోతాయి. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాల పనికి మా వీధి టైలరు దగ్గర మీలో ఒకరు ‘ఫార్మాట్ కొట్టాలి’ అని రూ.600 తీసుకున్నారు. ఫార్మాట్‌లో ఆయన కూతురి పెళ్ళి ఫొటోలు పోయాయి.

ఆ ఎర్ర గుర్తుల సంగతి కూడా తేల్చుకున్నాను. మేనల్లుడి కొత్త లాప్‌టాప్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిపించి లెక్కపెట్టాను: 214. వాడి లాప్‌టాప్‌కు ఏ రోగమూ లేదు. ఏ కంప్యూటర్లోనైనా అవి ఉంటాయి, చిన్నాచితకా తప్పులు రాసుకునే చిట్టా అది. ఇక ఆ నీలం తెర ఒట్టి వెబ్ పేజీ. వెబ్ పేజీకి మన కంప్యూటర్ లోపల వైరస్ ఉందో లేదో స్కాన్ చేసి చూసే శక్తే లేదు. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వదని ఆ కంపెనీయే చెప్తోంది. ఈ ఒక్క వాక్యం అమ్మిన రోజున మీరు మాకు చెప్పి ఉంటే చాలు.

ఇది ఎక్కడో సముద్రాల అవతల జరిగే మాయ అనుకోకండి. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర 2’ పేరుతో మన దేశంలోనే 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదుల మీద పెట్టిన కేసులు అందులో ఉన్నాయి. ఆ కంపెనీల టెక్నికల్ సపోర్టు మనుషులమని చెప్పి విదేశీయులను దోచుకున్న కాల్ సెంటర్లవి. ఇప్పుడు దోచుకోవడానికి వాళ్ళకు హిందీ అర్థమైనవాళ్ళెవరైనా చాలు.

మా జనానికి దీనివల్ల ఏమవుతోందో కూడా వినండి. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు ఊరివాళ్ళకు కంప్యూటర్ షోకు కాదు. ఇల్లు ఇటు, పొలం అటు. భూమి రికార్డులకు ఇక్కడ ఒడిశా వాళ్ళ భూలేఖ్ సైటు చూడాలి, అక్కడ ఆంధ్రా వాళ్ళ మీభూమి సైటు చూడాలి. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్టు, పిల్లల స్కాలర్‌షిప్పు, పెళ్ళికార్డు తెలుగులోనూ ఒడియాలోనూ కంపోజ్ చేసుకోవడం, అన్నీ దాంట్లోనే. మా ఆవిడ ఆ రోజు నుంచి కంప్యూటర్ గదిలోకి వెళ్ళడం లేదు. దాని మీద దుప్పటి కప్పింది. ఆదివారం మనవడితో పెద్ద తెర మీద మాట్లాడేది, ఇప్పుడు నా చిన్న ఫోన్లో కళ్ళు చికిలించుకొని చూస్తుంది. డబ్బు సంగతి నేను మర్చిపోగలనేమో గానీ ఆ దుప్పటి రోజూ కనబడుతుంది.

మీ బాధలూ నాకు తెలుసు. అసలు విండోస్ కొనండి అంటే గిరాకీ పక్క షాపుకు పోతాడు. ‘అప్‌డేట్లు ఆన్‌లో ఉంటే స్లో అయిపోద్ది మాస్టారూ’ అని మీరు అనడం, ‘అయితే ఆపెయ్యి’ అని మేమే అనడం కూడా జరిగింది. అయినా మాకు తెలియదు, మీకు తెలుసు. తేడా అంతా అక్కడే. కాబట్టి మా కోరికలు ఇవి.

1. అప్‌డేట్లు, డిఫెండర్ ఆపకండి. ఏదైనా పనికోసం ఆపితే ఆ పని కాగానే మళ్ళీ ఆన్ చేసి, తెర మీద ఆకుపచ్చ గుర్తు మాకు చూపించాకే డబ్బు తీసుకోండి. డిఫెండర్ ఉండగా ఇంకో యాంటీవైరస్ క్రాక్ కాపీ, ‘పీసీ క్లీనర్’, ‘డ్రైవర్ బూస్టర్’ లాంటివి మేం అడగనిదే ఎక్కించకండి.

2. క్రాక్ వేస్తే వేశామని చెప్పండి. మీకింకో మాట గుర్తుచేయాలి. ఆఫీసుల నుంచి లారీల్లో దిగే పాత డెస్క్‌టాప్‌లు చాలావాటికి అసలైన విండోస్ లైసెన్సు ఆ మిషన్‌తోనే ఉంటుంది. దాన్ని వదిలేసి మీ జేబులోని పెన్‌డ్రైవ్‌లో ఉన్న క్రాక్ కాపీ ఎక్కించడం ఎందుకు? అలవాటు తప్ప దానివల్ల మీకూ పైసా మిగలదు. తెలుగు ఫాంట్ల సంగతీ అంతే. యూనికోడ్ తెలుగు విండోస్‌లోనే ఉంది, మామూలు ఉత్తరానికి, దరఖాస్తుకు అది చాలు. ప్రెస్సువాళ్ళకు కావలసిన పాత ఫాంట్లను పెన్షన్‌దారుడి కంప్యూటర్లో ఎక్కించనక్కర్లేదు.

3. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి పని అయిన వెంటనే తీసేయండి. శాశ్వత పాస్‌వర్డ్ వద్దే వద్దు. మీరై మీరు ఫోన్ చేసి నంబరు అడగవద్దు. మేం మీ షాపు నంబరుకు చేసినప్పుడే ఆ పని జరగాలి. ఇది ఒక్కటి మీరు ఈ రోజు నుంచి మొదలుపెట్టినా మిగతావాటికి నేను కొన్నాళ్ళు ఆగుతాను.

4. ఇంట్లో రోజూ వాడేవాళ్ళకు అడ్మినిస్ట్రేటర్ కాని మామూలు అకౌంటు ఒకటి చేసి ఇవ్వండి. ఏదైనా ఎక్కించాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, అడిగినప్పుడు మనిషి ఒక్క క్షణం ఆగుతాడు.

5. విండోస్ 10కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయని కొనేవాడికి చెప్పండి. ఇంట్లో వాడేవాళ్ళు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ఉంది, అది చేసిపెట్టండి. పాత ప్రాసెసర్ ఉన్న మిషన్‌కు విండోస్ 11 అధికారికంగా ఎక్కదని తెలిసీ ‘అదే ఎక్కుతుంది సార్’ అని అమ్మకండి. బ్రౌజరు, ఉత్తరాలు తప్ప ఇంకేమీ అక్కర్లేనివాళ్ళకు విండోస్ బదులు వాడుకునే లైనక్స్ మింట్ ఉచితంగా వస్తుంది, అది వేసి ఒక గంట నేర్పండి. నేర్పినందుకు డబ్బు తీసుకోండి, ఇస్తాం.

6. కచ్చా చీటీ కాదు, బిల్లు ఇవ్వండి. ఏం ఎక్కించారో, ఏం ఆపారో దాని మీద రాయండి.

7. అమ్మే ప్రతి మానిటర్ అంచు మీద తెలుగులో, ఒడియాలో ఒక స్టిక్కరు అంటించండి. మాటలు మేమే రాశాం: ‘వైరస్ అని చెప్పే తెర మీద ఫోన్ నంబరు ఉంటే అది దొంగ నంబరు. ఫోన్ చేయవద్దు. ఎస్కేప్ నొక్కి పట్టుకోండి. పోకపోతే ఆల్ట్‌తో ఎఫ్4. అదీ కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి బ్రౌజర్‌కు ఎండ్ టాస్క్ ఇవ్వండి. ఏదీ పనిచేయకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కండి. మళ్ళీ తెరిచినప్పుడు రిస్టోర్ నొక్కకండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930.’ అచ్చు ఖర్చు మాది.

ఇప్పటికే దొంగ లోపలికి వచ్చి వెళ్ళిన కంప్యూటర్ మీ దగ్గరకు వస్తే వెంటనే ఫార్మాట్ అనకండి. ముందు నెట్ తీయండి. పోలీసులకు చూపించాలంటే ఎనీడెస్క్ చిట్టా, తెర ఫొటోలు దాచాలి కదా, అవి వేరే చోట ఉంచండి. పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్లో మార్పించవద్దు. మీటలు నొక్కింది నొక్కినట్టు రాసుకునే స్పైవేర్ ఉంటే కొత్త పాస్‌వర్డూ దానికే చేరుతుంది. ఫోన్లోనో వేరే కంప్యూటర్లోనో మార్చమనండి. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది, మిషన్ తిరిగి లేచి పదిహేను నిమిషాల్లో చూసేస్తుంది. కేంద్రం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్లో ఉచిత శుభ్రం చేసే టూల్స్ ఉన్నాయి. అప్పటికీ అనుమానం తీరకపోతే అప్పుడు ఫార్మాట్, అదీ ఫొటోలు తీసి పక్కన పెట్టాక.

ఇక అధికారులకు రెండు మాటలు.

8. బ్యాంకుల వారికి: మా ఖాతా సరిహద్దు అవతల బ్రాంచిలో ఉంది. ‘ఓటీపీ మీరే ఇచ్చారు’ అన్న ఒక్క ముక్కతో ఫైలు మూసేశారు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్లో పెట్టిన నియమం ప్రకారం ఖాతాదారుడి పొరపాటు వల్ల డబ్బు పోయినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయినది బ్యాంకే భరించాలి. 6:20కి చెప్పాను, 7:05కి రూ.19,000 పోయింది. మిగతా రూ.51,499 మాట ఎత్తడం లేదు, ఈ రూ.19,000 ఎవరిదో చెప్పండి. ఇది దానం అడగడం కాదు, తీసివేత లెక్క.

9. పోలీసు వారికి: ఒక స్టేషనులో ఖాతా ఆంధ్రాలో ఉంది, అక్కడికి వెళ్ళమన్నారు. అక్కడికి వెళ్తే ఇల్లు ఒడిశాలో ఉంది కదా అన్నారు. పోలీసులు, కోర్టులు కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకోవాలని దాని 173వ సెక్షన్ చెప్తోంది. ఇంకో చోట తెలుగులో రాసిన ఫిర్యాదు చూసి, ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాసి తెమ్మన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్తూ వాడుక భాష కోసం వాదించిన ఊరు మాది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఊరు ఇటు వచ్చింది, చుట్టాలు అటు ఉండిపోయారు, ఏడుపు మాత్రం తెలుగులోనే వస్తుంది. ఫిర్యాదు తెలుగులో తీసుకొని, చదవగలిగిన మనిషిని మీరే పిలిపించండి. పరుగెత్తే డబ్బును దారిలో ఆపాలంటే 1930కి వెంటనే చేయాలి. ఆ నంబరు స్టేషను గోడ మీద మూడు భాషల్లో రాయించండి. నాకు ఆ నంబరు మర్నాడు మా మేనల్లుడు చెప్తే తెలిసింది.

షాపుల వారికి ఒక్క మాట. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున్న పది గంటలకు ముందుగా పర్లాకిమిడి షాపులకు వస్తున్నాం. ఈసారి పదకొండు మంది కాదు, పదిహేడు మంది. రెండు వందల స్టిక్కర్లు అచ్చు వేయించాను. మొదటిది మా ఇంట్లో మానిటర్ మీద అంటించాను, దుప్పటి కొంచెం పక్కకు జరిపి. టీ వద్దు, ఎండాకాలం. ఏ షాపు అద్దం మీద స్టిక్కరు అంటించనిచ్చారో, ఏ షాపు వద్దందో ఆ సాయంత్రమే పేరు పేరునా రాసి పెడతాం.

ఇట్లు,
పదిహేడు మంది తరఫున
ఒక రిటైర్డు లెక్కల మాస్టారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా